గోదావరిని ఆరుగురికి పంచితే

క్లాసులో ప్రశ్న వేయగానే లేచే చేతులు చూస్తే ఏ టీచరుకైనా హుషారే. నేను మాత్రం ఇంకోటి కూడా గమనిస్తుంటాను. లేచి నిలబడ్డవాడు జవాబు తప్పు చెప్పినప్పుడు మిగతావాళ్ల మొహాలు వెలిగిపోతాయి. వాడు తప్పితేనే కదా తమ వంతు వచ్చేది! ఆ పిల్లల్లో దుర్మార్గం ఏమీ లేదు. ఆట అలా పెట్టింది మనమే.

ఇంటర్‌కి వెళ్లేసరికి ఇది ముదురుతుంది. వారం వారం పరీక్ష, మార్కుల్ని బట్టి సెక్షన్ మార్పు, గోడమీద ర్యాంకుల జాబితా. నోట్సు అడిగితే ‘ఇంట్లో మర్చిపోయానురా’ అంటాడు, పుస్తకం సంచిలోనే ఉంటుంది. పక్కవాడి డౌటు తీరిస్తే తన ర్యాంకు దిగుతుందన్న లెక్క పదహారేళ్లకే వచ్చేస్తోంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో ఇలాంటి క్లాసుల్నే ఎలియట్ అరాన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులతో కలిసి గమనించారు. అంతవరకూ వేరువేరు బడుల్లో చదివిన తెల్ల, నల్ల, మెక్సికన్ కుటుంబాల పిల్లలు అప్పుడే ఒకే గదిలోకి వచ్చారు. రోజూ గొడవలే. ఆయన నీతిబోధ జోలికి పోకుండా చదువుకునే తీరు మార్చారు. పాఠాన్ని ముక్కలు చేసి, ఐదారుగురి జట్టులో తలా ఒకటి ఇచ్చారు. తన ముక్క మిగతావాళ్లకి చెప్పాలి, వాళ్లది విని నేర్చుకోవాలి. పరీక్ష మాత్రం మొత్తం పాఠం మీద, ఎవరి మార్కులు వాళ్లవే. ఇంగ్లీషులో తడబడే ఓ అబ్బాయిని అతని జట్టువాళ్లు మొదట్లో ఆట పట్టించారు. ఎగతాళి చేస్తే అతని దగ్గరున్న ముక్క మీకు రాదు, పరీక్ష దగ్గర్లోనే ఉందని పరిశోధకులు గుర్తుచేశారు. క్రమంగా వాళ్లు అతనిచేత చెప్పించే ప్రశ్నలు వేయడం నేర్చుకున్నారు. ఈ పద్ధతికే జిగ్‌సా అని పేరు.

మా ఎనిమిదో తరగతిలో గోదావరి పాఠం ఇలాగే పంచాను. త్ర్యంబకేశ్వర్ దగ్గర పుట్టుక ఒకరికి, ఉపనదులు ఒకరికి, ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1852కల్లా పూర్తిచేయించిన ఆనకట్ట ఒకరికి, దాని దిగువ పాయలు ఒకరికి, అలా ఆరుగురికి. ఉపనదులు వచ్చిన అమ్మాయి గొంతు మామూలుగా రెండో బెంచీ దాకా కూడా వినపడదు. ఆ రోజు క్లాస్ ఫస్ట్ కుర్రాడే ముందుకి వంగి, “ప్రాణహిత ఎటునుంచి కలుస్తుందే?” అని అడిగాడు. ఆ పిల్ల సుద్దముక్క తీసుకుని నేలమీద గీత గీసింది. “మంజీర కుడిపక్క నుంచి. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి ఎడమ నుంచి.” అందరూ రాసుకున్నారు.

గ్రూపు ప్రాజెక్టు ఇచ్చి అందరికీ ఒకే మార్కు వేయడం సహకారమని నేననుకోను. చార్టు ఒకరు గీస్తారు, నలుగురు పేర్లు రాసుకుంటారు, గీసినవాడికి కడుపుమంట మిగులుతుంది. తన దగ్గర లేనిది పక్కవాడి దగ్గర ఉంటేనే మనిషి చెవి అటు తిరుగుతుంది. చదవడంలో వెనకబడ్డ పిల్లలకి ఇంకో జాగ్రత్త కావాలి. ఒకే ముక్క వచ్చినవాళ్లని ముందు విడిగా కూర్చోబెడితే, వాళ్లు ఒకరినొకరు సరిచేసుకుని గాని జట్టులోకి వెళ్లరు. ఇది మానేస్తే జట్టులో నవ్వులపాలయ్యేది మళ్లీ వాళ్లే.

“నేనొక్కణ్నే చదువుకుంటే పది నిమిషాల్లో అయిపోయేది సార్” అన్నాడు ఆ ఫస్ట్ కుర్రాడు. నిజమే, వాడికి అయిపోయేది. ఆనకట్ట ముక్క వాడిదే కాబట్టి, గోదావరి పక్కనే పారుతున్నా అది కట్టకముందు డెల్టాలో పంటలు ఎందుకు ఎండేవో జట్టుకి చెప్పమన్నాను. మొదలుపెట్టి, నాలుగు మాటలయ్యాక ఆగి, మళ్లీ పుస్తకం తెరిచాడు.

వచ్చే వారం కృష్ణానది పాఠం. జట్లు మారుస్తున్నాను. జిగిరీ దోస్తులెవరినీ ఒకే జట్టులో వేయడం లేదు.