లిస్టీరియా జాడ తీసే చేతులు

బ్లూ బెల్ ఐస్‌క్రీమ్ వల్ల అమెరికాలో నాలుగు రాష్ట్రాల్లో 10 మందికి లిస్టీరియా అనే బ్యాక్టీరియా సోకింది. కాన్సాస్‌లో ముగ్గురు చనిపోయారు. సంగతి బయటపడింది 2015లో, దక్షిణ కరోలినా తనిఖీల్లో. తీరా చూస్తే కొందరు రోగులు 2010 నాటివాళ్లు! ఐదేళ్ల కిందటి బ్యాక్టీరియాను భద్రపరిచి, వివరాలు నమోదుచేసి ఉంచారు కాబట్టే ఆ లంకె దొరికింది.

ఆ పని చేసేది రాష్ట్రాల ప్రజారోగ్య ల్యాబుల్లోని టెక్నీషియన్లు. పత్రికల్లో వాళ్ల పేర్లు రావు. అగర్ పళ్లెంలో మొలిచిన చుక్కల్లోంచి ఒక్కదాన్నే లూప్ కొసతో తాకి, మరో పళ్లెంలోకి మార్చి పెంచాలి. రెండు రకాలు కలిశాయా, ఆ తర్వాత చేసినదంతా వృథా. తర్వాత కణాన్ని పగలగొట్టి డీఎన్‌ఏ తీయాలి. సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా తేలిగ్గానే పగులుతుంది. లిస్టీరియా గోడ మందం, ఎంజైముతో మెత్తబరిస్తేగానీ డీఎన్‌ఏ చేతికి రాదు. అప్పుడు యంత్రం దాన్ని ముక్కలుముక్కలుగా చదివితే, కంప్యూటర్ సుమారు 30 లక్షల అక్షరాల జీనోమ్‌ను కూర్చుతుంది.

ఈ ల్యాబులను కలిపే పల్స్‌నెట్‌ను 1996లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ మొదలుపెట్టింది. అప్పట్లో అది జెల్ మీది డీఎన్‌ఏ పట్టీలను పోల్చేది. 2019లో పూర్తిగా జీనోమ్‌కు మారింది. అయినా జీనోమ్ ఒక్కటే సాక్ష్యం కాదు. ఎవరో ఫోన్ చేసి రోగి ఏం తిన్నాడో అడగాల్సిందే. నెల కిందటి భోజనం ఎవరికి గుర్తుంటుంది?

ఇప్పుడు ఆసుపత్రుల్లో బ్యాక్టీరియాను పెంచకుండానే జబ్బు తేల్చే పరీక్షలు వచ్చాయి. రోగికి మేలే. కానీ నమూనా ల్యాబుకు చేరకపోతే చదవడానికి జీనోమే ఉండదు.