పగలు సీటు, రాత్రి పడక

మన రోడ్ల మీద తిరిగే ఇన్నోవా క్రిస్టా పొడవు 4.7 మీటర్ల పైమాటే. 1950లో ఫోక్స్‌వ్యాగన్ తయారీ మొదలుపెట్టిన టైప్ 2 వ్యాన్ 4.3 మీటర్లకు మించదు. ఇన్నోవాలో వెనక సీట్లన్నీ మడిచినా ఆరడుగుల మనిషి కాళ్లు చాపుకోవాలంటే తంటాలు పడాలి. ఆ పాత వ్యాన్‌లో మాత్రం ఇద్దరు పెద్దవాళ్లు హాయిగా పడుకుంటారు. పక్కన చిన్న బీరువా ఉంటుంది, వంటసామాను పెట్టుకోవడానికి అరలుంటాయి. పైకప్పు లేచే రకమైతే అక్కడ ఇంకో ఇద్దరికి చోటు దొరుకుతుంది. తెల్లారేసరికి ఆ పడక మాయమై, దాని చోట ముగ్గురు కూర్చునే సీటు ఉంటుంది.

ఇదెలా కుదిరిందో తెలియాలంటే ముందు బండి కట్టిన తీరు చూడాలి. డచ్ వ్యాపారి బెన్ పాన్ 1947 ఏప్రిల్‌లో ఈ వ్యాన్ ఎలా ఉండాలో నోటుపుస్తకంలో ఓ చిన్న బొమ్మ గీశాడు. డ్రైవరు ముందు చక్రాల మీద, ఇంజను వెనక చక్రాల దగ్గర, నడుమ అంతా ఖాళీ పెట్టె. ముందుకు పొడుచుకొచ్చిన బానెట్ లేదు కాబట్టి ఉన్న పొడవులో చాలా భాగం లోపలే మిగిలింది. ఇబ్బందల్లా ఇంజనుతోనే. వెనక భాగంలో నేల ఒక్కసారిగా ఎత్తు పెరిగి, ఇంజను మీద అరుగులా తేలుతుంది. సరుకు రవాణా చేసేవాడికి అది అడ్డం. బస్తాలు ఎత్తి పెట్టాలి, బరువు వెనక్కి పడుతుంది. జర్మనీలోని వీడెన్‌బ్రూక్‌లో 1844లో కమ్మరి కొలిమిగా మొదలై, ట్రైలర్లు కట్టడంలో పేరు తెచ్చుకున్న వెస్ట్‌ఫాలియా కంపెనీ పనివాళ్లకు ఆ అరుగే పనికొచ్చింది. పడకలో మూడో వంతు ముందే కట్టి ఉన్నట్టు లెక్క. మిగిలిన రెండు వంతులూ దాని ఎత్తుకు తెస్తే చాలు.

వెంటనే అక్కడికి చేరలేదు. 1951లో వాళ్లు చేసిన మొదటి సరంజామా పేరు క్యాంపింగ్ బాక్స్. యుద్ధం ముగిసి ఆరేళ్లే అయింది. విహారానికి ఒకటి, పనికి ఒకటి అంటూ రెండు బండ్లు కొనగల కుటుంబాలు ఆ దేశంలో కొద్ది. అందుకని వారమంతా సరుకులు మోసిన వ్యాన్‌లోకే శనివారం సాయంత్రం ఎక్కించి, సోమవారం పొద్దున దించేసేలా చెక్క సామాను చేశారు. పగలు అది బల్లగా, అరగా ఉండేది. రాత్రి మెత్తలు పరిస్తే పడక అయ్యేది. బండికి ఒక్క శాశ్వతమైన మార్పు కూడా చేయకుండా ఇంటి సౌకర్యం ఇవ్వాలన్న ఆ పట్టుదల నాకు చాలా ఇష్టం. ఆ తర్వాత వరసగా ఎస్ఓ నంబర్లతో మోడళ్లు వచ్చాయి. 1958లో ఎస్ఓ 23, 1965లో ఎస్ఓ 42. సామాను బండికి అతుక్కుపోయింది, బీరువాలు గోడలకు చేరాయి. చివరికి కూర్చునే సీటూ పడుకునే పడకా ఒకే వస్తువుగా స్థిరపడ్డాయి. ఇంగ్లండ్‌లో వ్యాన్ ప్రియులు ఈ రకం పడకను రాక్ అండ్ రోల్ బెడ్ అంటారు.

ఇది పనిచేసే తీరు దగ్గర్నుంచి చూడాలి. సీటు ముందంచు కింద చెయ్యి పెట్టి కొంచెం పైకెత్తి మనవైపు లాగుతాం. సీటు ముందుకు జరుగుతూ ఉంటే, దాని వెంటే వీపు ఆన్చుకునే దిమ్మ కిందికి వాలుతూ వస్తుంది. సీటు ఆగేచోట ఆగేసరికి ఆ దిమ్మ వెల్లకిలా పడి ఉంటుంది. వెనక ఇంజను మీది అరుగుపై అప్పటికే ఒక మెత్త ఉంది. మూడూ ఒకే మట్టానికి వచ్చి, ఒక్కోటి రెండడుగుల చొప్పున, దాదాపు ఆరడుగుల పరుపైపోతుంది. బయటికి దిగక్కర్లేదు, స్క్రూడ్రైవరు అక్కర్లేదు, విడిగా దాచుకోవాల్సిన ముక్క ఒక్కటీ లేదు. బయట వాన కురుస్తున్నా, పిల్లవాడు భుజం మీద నిద్రపోతున్నా, రోజంతా బండి నడిపి ఒళ్లు హూనమైనా ఈ పని చేయవచ్చు. వాహనంలో పడక అమర్చుకునేవాళ్లు పరుపు మందం గురించి, దిండ్ల గురించి చాలా ఆలోచిస్తారు. నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే: అలసిపోయిన మనిషి, లోపల కూర్చునే, చీకట్లో ఆ పడక వేయగలడా లేదా.

సీటు ఎంత ముందుకు జరగాలన్నది మొదటి లెక్క. వీపు దిమ్మ ఎంత ఎత్తుందో అంతే జరగాలి. అది పడుకోవడానికి కావలసిన ఖాళీ సీటుకూ అరుగుకూ మధ్య తెరుచుకోవాలి. ఒక అంగుళం తక్కువైతే దిమ్మ అరుగంచు మీదికెక్కి కూర్చుంటుంది, ఎక్కువైతే తల దగ్గర సందు. దిమ్మ ఎత్తు పెంచితే కూర్చున్నప్పుడు వీపుకు బాగుంటుంది, పడక పొడవూ పెరుగుతుంది. కానీ సీటు అంతదూరం ముందుకు రావాలి, అక్కడ బల్లో డ్రైవరు సీటో అడ్డం వస్తుంది. తగ్గిస్తే మెడ ఆనదు, పొడుగాటివాళ్ల పాదాలు గాల్లో వేలాడతాయి.

రెండో లెక్క బందులది. ఈ పనిలో నన్ను బాగా ఆకట్టుకున్న భాగం ఇది. మామూలుగా ఎవరైనా రెండు ప్లైవుడ్ పలకలు తీసుకుని, వాటిని మడత బందులతో కలిపి, పైన నాలుగంగుళాల ఫోమ్ అతికిస్తారు. పరిచినప్పుడు అంతా చక్కగా ఉంటుంది. ఒక పలకను నిలబెట్టబోతే అప్పుడు తెలుస్తుంది చిక్కు. బందు పలకల మట్టంలో ఉంది, మెత్తలేమో పలకల మీద ఉన్నాయి. మూలలో రెండు మెత్తలూ ఒకదాన్నొకటి కుమ్ముకుంటాయి, వీపు నిటారుగా లేవదు. సరే అని ఒక మెత్తను నాలుగంగుళాలు వెనక్కి జరిపితే కూర్చోవడానికి కుదురుతుంది, కానీ పడుకున్నప్పుడు సరిగ్గా నడుం కింద నాలుగంగుళాల గుంట పడుతుంది. చెయ్యి తిరిగిన పనివాడు బందును పలకల దగ్గర ఉంచడు. సీటు పక్కల రెండు ఇనప రెక్కలు పెట్టి, తిరిగే కీలును మెత్తల పైమట్టం దాకా లేపుతాడు. అప్పుడు సీటుగా ఉన్నా పడకగా ఉన్నా రెండు మెత్తలూ పైఅంచు దగ్గర తాకుతూనే ఉంటాయి. తెరుచుకునే ఖాళీ ఏదైనా ఉంటే అది వెనకవైపు, కంటికీ ఒంటికీ తగలనిచోట ఉంటుంది. పడుకున్న మనిషికి ఈ తెలివి తెలియను కూడా తెలియదు. నడుం నొప్పి లేకుండా లేస్తాడు, అంతే.

ఈ సీటుకు ఇంకో బాధ్యత కూడా ఉంది. పగలు ఆ సీటు మీద మనుషులు కూర్చుని ప్రయాణం చేస్తారు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు సీటు పట్టాల మీద ముందుకు జారిపోకూడదు. కాబట్టి దాన్ని పట్టి ఉంచే గొళ్లెం ఒక చేత్తో సులువుగా వదలాలి, వదలనంతసేపూ గట్టిగా పట్టాలి. ఇళ్లలో సోఫా కమ్ బెడ్ చేసేవాళ్లకు లేని చిక్కు ఇది. ఈ రోజుల్లో కార్లలో సొంతంగా చెక్క పడకలు కట్టించుకునేవాళ్లు చాలామంది ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకుంటున్నారు. నేలకు బిగించని పలక, ఎదురుగా ఏదైనా గుద్దుకుంటే, లోపలున్న మనుషుల మీదికే వస్తుంది.

ఫోమ్ సంగతి కూడా అంత తేలిక కాదు. కూర్చున్న మనిషి బరువంతా కొద్ది చోట పడుతుంది, పడుకున్నప్పుడు అదే బరువు ఒళ్లంతా పరుచుకుంటుంది. కూర్చోవడానికి మెత్తటి ఫోమ్ పెడితే పలక తగులుతుంది, గట్టిది పెడితే పక్కకు తిరిగి పడుకునేవాళ్లకు భుజం, తుంటి నొక్కుకుంటాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మెత్తలు కొంచెం గట్టివైపే ఉంటాయి. అది సరైన నిర్ణయమే. మెత్తదనం పైన ఒక బొంత పరిచి తెచ్చుకోవచ్చు, కింద లేని గట్టిదనాన్ని పైనుంచి తేలేం. డెబ్బైలలో వచ్చిన వెస్ట్‌ఫాలియా బండ్ల సీట్లకు పసుపు, ఆకుపచ్చ, నారింజ రంగుల్లో పెద్ద గళ్ల గుడ్డ వేసేవారు. ఇప్పటికీ ఆ గళ్లు చూడగానే జనం ఆ బండిని గుర్తుపడతారు.

ఇక గాలి. చలి రాత్రి అద్దాలన్నీ మూసిన బండిలో ఇద్దరు పడుకుంటే, వాళ్ల ఊపిరిలోని తేమంతా అద్దాల మీదా, రేకు మీదా నీళ్లై కారుతుంది. ఒంటి వేడికి మెత్తలోకి దిగిన తేమ కింద చల్లటి పలక తగిలి అక్కడే నిలిచిపోతుంది. రోజులు గడిచేకొద్దీ ఫోమ్ అడుగున బూజు. ఈ బండ్లలో పక్క కిటికీలకు లూవర్ అద్దాలు పెట్టారు, లోపల దోమతెరతో. మన ఇళ్లలో స్నానాలగదికి పెట్టే లాంటివే. వానలో కూడా వాటిని వాలుగా తెరిచి ఉంచవచ్చు, చుక్క లోపలికి రాదు, గాలి ఆడుతుంది. పొద్దున పడకను సీటుగా మార్చేటప్పుడు మెత్తలు ఎలాగూ లేస్తాయి కాబట్టి వాటి అడుగుకు రోజుకోసారి గాలి తగులుతుంది. మడిచే పడకకు ఉన్న ఈ మేలు ఎప్పుడూ పరిచి ఉండే పడకకు లేదు.

మూడు పడకలున్న మోడళ్లలో మూడోది నాకు మిగతా రెండింటికన్నా ముద్దు. డ్రైవరు సీటు మీదుగా అడ్డంగా రెండు ఇనప గొట్టాలు, వాటి మధ్య సాగదీసి కట్టిన క్యాన్వాస్ గుడ్డ. చిన్న పిల్లలకు అది పడక. పగలు గొట్టాలకు గుడ్డ చుట్టేస్తే చంకలో పట్టేంత కట్ట అవుతుంది. రాత్రి ముందు రెండు సీట్ల పైన ఉండే ఖాళీ ఎవరికీ అక్కరకు రాదు. ఎవరో అక్కడ నిలబడి, ఇంత చోటు వృథాగా పోతోందే అని బాధపడి ఉంటారు. పైకప్పు లేచే బండ్లలో పైన ఇంకో ప్లైవుడ్ పడక ఉంటుంది. కప్పుకు చుట్టూ ఉన్న గుడ్డ గోడ గాలికి రెపరెపలాడుతుంది, కింద ఉన్నంత వెచ్చగా ఉండదు. పిల్లలకు మాత్రం అదే కావాలి.

లోపం లేదని కాదు. ఇంజను మీది అరుగు పగలు సామాన్ల చోటు కూడా. పెట్టెలు, బూట్లు, కుర్చీలు అక్కడే పేర్చి ఉంటాయి. పడక వేయాలంటే వాటన్నిటినీ ముందు సీట్లలోకి చేర్చాలి, పొద్దున మళ్లీ వెనక్కి. సీటు కింద పెట్టెలో దుప్పట్లు పడతాయి గానీ కుటుంబం మొత్తం బట్టలు పట్టవు. ఇంగ్లండ్‌లో ఫోక్‌స్టన్ ఊరి మార్టిన్ వాల్టర్ కంపెనీ బెడ్‌ఫర్డ్ వ్యాన్లను డోర్మొబైల్ పేరుతో మార్చినప్పుడు ఇంకో దారి పట్టింది. అక్కడ సీట్లే ఒకదాని వెనక ఒకటి వెనక్కి వాలి పడకలయ్యేవి. తెలివైనదే, కానీ మెత్తలో ఎక్కువ అతుకులు, ఎక్కువ ఎత్తుపల్లాలు. నన్నడిగితే మూడే ముక్కలతో ముగించినవాళ్లదే పైచేయి.

ఒక వస్తువు చేత రెండు పనులు చేయించుకోవడం మనకూ కొత్త కాదు. తిరునాళ్లకు గూడు బండి కట్టుకుని వెళ్లే రోజుల్లో బండి నిండా గడ్డి పరిచి, పైన బొంత వేసేవారు. దారిపొడవునా అది పిల్లల పరుపు, గుడి దగ్గర బండి విప్పాక ఎద్దుల మేత. తిరుగు ప్రయాణానికి పరుపు పలచబడేది, అప్పటికి పిల్లలు ఎక్కడైనా నిద్రపోయేంత అలసిపోయేవారు.

1990లో వచ్చిన నాలుగో తరం ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్‌లో ఇంజను ముందుకు వెళ్లిపోయింది, అరుగు అవసరం లేకుండా పోయింది. 2003 నుంచి ఫోక్స్‌వ్యాగన్ ఈ క్యాంపర్లను తనే కడుతోంది. పాత బండ్లను మాత్రం ఇప్పటికీ ఇష్టపడి బాగుచేయించుకునేవాళ్లు ఉన్నారు. అంతకాలం తర్వాత ఫోమ్ పొడిపొడిగా రాలిపోతుంది, గుడ్డ చిరుగుతుంది. ఇనప రెక్కలూ, కీళ్లూ తుప్పు గీకి గ్రీజు పెడితే మళ్లీ తిరుగుతాయి. కొత్త మెత్తలు కుట్టించేటప్పుడే జాగ్రత్త కావాలి. ఇన్నాళ్లూ గట్టిగా ఉందని, ఈసారి ఇంకో రెండంగుళాలు మందంగా వేయమని చాలామందికి చెప్పాలనిపిస్తుంది. వేయకూడదు. కీలు ఎత్తు పాత మెత్తల మందాన్ని బట్టి కట్టింది. మందం పెంచితే మెత్తలు మూలలో మళ్లీ కుమ్ముకుంటాయి, వీపు దిమ్మ నిటారుగా లేవదు, అరుగు మీది మెత్తకూ మిగతా వాటికీ మట్టం తప్పుతుంది. అదే మందంలో రెండు పొరలు వేయించుకోవాలి: అడుగున గట్టి ఫోమ్, పైన రెండు వేళ్ల మందాన మెత్తటిది.