అవయవ మార్పిడి కథలు ఎక్కడ ఆగిపోతున్నవి?

అవయవ మార్పిడిని గురించి మన పత్రికలు, చలనచిత్రాలు, నవలలు చెప్పే కథకు అలవాటైన ముగింపు ఒకటి ఉన్నది. కొత్త గుండె కొట్టుకోవడం మొదలుపెడుతుంది. వైద్యులు ముఖాల మీది ముసుగులు తీసి నవ్వుతారు. రోగికి పునర్జన్మ లభించిందని శీర్షిక పడుతుంది. వైద్యశాస్త్ర దృష్టితో చూస్తే అప్పటికి సగం కథ కూడా జరగలేదు. మిగిలిన కథ రోగి ఇంట్లో, భార్యో, తల్లో, తమ్ముడో నడిపించగా ఏళ్ల తరబడి సాగుతుంది. దానిని చెప్పకుండా వదిలివేయడం రచనలోని లోపమే గాక, రోగి ప్రాణానికి ముప్పు తెచ్చే లోపం కూడా.

2011లో రాజేష్ పిళ్లై దర్శకత్వంలో వచ్చిన మలయాళ చిత్రం 'ట్రాఫిక్'నే తీసుకుందాం. కొచ్చి నుంచి పాలక్కాడుకు రోడ్డు మార్గాన ఒక గుండెను వేళకు చేర్చడం అందులోని ఇతివృత్తం. తరువాత అది తమిళంలోను, హిందీలోను కూడా వచ్చింది. 2014లో ఫ్రెంచి రచయిత్రి మైలిస్ ద కెరంగాల్ ప్రకటించిన నవల 'సజీవులను బాగుచేయడం' కూడా ఒక గుండె ప్రయాణమే. అది 24 గంటలలో ముగుస్తుంది. రెండింటిలోను గొప్ప గుణం ఉన్నది. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు సమ్మతి తెలపడం ఎంత కష్టమో అవి గౌరవంతో చూపినవి. 2021 ఫిబ్రవరి 2న నాగోలు నుంచి జూబ్లీహిల్సుకు మెట్రో రైలులో గుండెను తరలించినప్పుడు మన పత్రికలు వ్రాసిన వార్తలకూ ఆ మేలు ఉన్నది. 2013 నుంచి నడుస్తున్న జీవన్‌దాన్ పథకాన్ని గురించి పల్లెలలో సైతం వినబడుతున్నదంటే అందుకు ఇటువంటి వార్తలు తోడ్పడినవి.

అయితే వీటన్నిటిలోను గడియారం ఒక్కటే. దేహం వెలుపల గుండె సుమారు 4 గంటలే నిలువగలదు గనుక నిమిషాలు లెక్కించడం సహజమే. కాని రోగి ఇంటికి చేరిన మరునాటి నుంచి రెండవ గడియారం ఒకటి మొదలవుతుంది. అది పన్నెండు గంటలకొకసారి మందు వేళను గుర్తుచేస్తూ, మార్పిడి చేసిన అవయవం పనిచేసినన్నాళ్లూ ఆగదు. దానిని చూపిన రచనలు బహు తక్కువ.

ఈ రెండవ గడియారం ఎందుకు వచ్చింది? 1954 డిసెంబరు 23న బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ మర్రే ఒక మనిషి మూత్రపిండాన్ని అతని కవల సోదరునికి అమర్చి విజయం సాధించాడు. వారు ఒకే పిండం నుంచి పుట్టిన కవలలు కావడం చేత దేహం ఆ మూత్రపిండాన్ని పరాయిదిగా ఎంచలేదు. గ్రహీత మరి ఎనిమిదేళ్లు జీవించాడు. 1967 డిసెంబరు 3న కేప్‌టౌన్‌లో డాక్టర్ క్రిస్టియన్ బర్నార్డ్ తొలిసారి ఒక మనిషి గుండెను మరొకరికి అమర్చాడు. గుండె బాగానే పనిచేసింది. కాని పరాయి అవయవాన్ని దేహం తిరస్కరించకుండా ఇచ్చిన మందుల వల్ల రోగి రక్షణశక్తి సన్నగిల్లి, 18వ రోజున న్యుమోనియాతో మరణించాడు. శస్త్రచికిత్స జయప్రదమైన తరువాత కూడా ప్రాణం పోవచ్చునన్న పాఠం ఆనాడే దొరికినా, మన కథకులు ఇంకా దానిని అందుకోలేదు.

తరువాతి మందులు మెరుగైనవి. నార్వే మట్టిలోని బూజు నుంచి సైక్లోస్పోరిన్, 1984లో జపాను మట్టిలోని సూక్ష్మజీవి నుంచి టాక్రోలిమస్ లభించినవి. తెల్ల రక్తకణాలలో ఒక తెగ పరాయి అవయవంపై దాడి చేయకుండా ఇవి నిలువరిస్తాయి. రక్తంలో మందు తగ్గితే అవయవాన్ని దేహం తిరస్కరిస్తుంది. ఎక్కువైతే ఆ మందే మూత్రపిండాన్ని దెబ్బతీస్తుంది. అందుకే పరీక్షనాడు ఉదయపు మాత్ర వేసుకోకముందే రక్తం తీయించాలి. ఇంకొక చిక్కు ఉన్నది. తిరస్కరణ తరచు నొప్పి లేకుండానే మొదలవుతుంది. రోగి కులాసాగా తిరుగుతూ ఉండగానే రక్తంలో క్రియాటినిన్ పెరుగుతుంది. "ఒళ్లు బాగానే ఉన్నది గదా, ఇంకా మందులెందుకు?" అని మానివేసినవాడు తనను బాగా ఉంచుతున్నది ఆ మందులేనని గ్రహించలేదన్నమాట.

ఇక్కడ మన సులభ విజ్ఞాన రచనలు కూడా తప్పించుకోలేవు. కోవిడ్ కాలం నుంచి రోగనిరోధక శక్తిని ఎంత పెంచుకుంటే అంత మంచిదని అవి బోధిస్తూ వచ్చినవి. మార్పిడి జరిగిన మనిషి విషయంలో వైద్యుడు శ్రమపడి అణచి ఉంచుతున్నది సరిగ్గా ఆ శక్తినే. ప్రేమ కొద్దీ ఇంటివారు తిప్పతీగ రసమో, బజారులోని బలవర్ధక చూర్ణమో ఇస్తే వైద్యుని పనికి ఎదురు పని చేసినట్లే. పంపరపనస పండు టాక్రోలిమస్‌ను రక్తంలో పెంచగలదు. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతం పసుపు పంటకు పేరుపొందినది. కూరలో వేసే చిటికెడు పసుపుకు భయపడనక్కరలేదు. కాని ఔషధమని చెంచాల కొద్దీ పసుపు తిన్న ఒక రోగి రక్తంలో టాక్రోలిమస్ విషస్థాయికి చేరి మూత్రపిండాలు దెబ్బతిన్నట్లు వైద్య పత్రికలలో నమోదయింది. ఈ సంగతి వ్రాయని వ్యాసం ఎంత అందంగా ఉన్నా అసంపూర్ణమే.

కథకులు వదిలిన ఈ భాగం జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్లలో ఎట్లా ఉంటుందో ఆలోచించాలి. జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. అయినా మార్పిడి కోసం ఇక్కడివారు సాధారణంగా హైదరాబాదులోని నిమ్స్‌కో, మరొక పెద్ద ఆసుపత్రికో పోవలసిందే. జగిత్యాల నుంచి అది దాదాపు 200 కిలోమీటర్లు. మొదటి నెలలలో పరీక్షలకు మాటిమాటికి పోవాలి. తోడు వెళ్లినవారికి ఆనాటి కూలి ఉండదు. మగవారు గల్ఫు దేశాలలో ఉన్న ఇళ్లలో ఆ ప్రయాణం, మందుల లెక్క, పిల్లల పోషణ బీడీలు చుట్టే ఆడవారి మీదనే పడుతుంది. ఇంట్లో పొగాకు దుమ్ము, సిరిసిల్లలో సాంచాలని పిలిచే మరమగ్గాల దగ్గర నూలు పీచు, పల్లెలలో తడిసిన గడ్డివాము, పెంటకుప్ప. గడ్డిలోను, పెంటలోను పెరిగే బూజు ఆరోగ్యవంతునికి సాధారణంగా ఏమీ చేయదు. రక్షణశక్తి తగ్గినవానికి ఊపిరితిత్తుల జబ్బు తేగలదు. రోగి ఎప్పుడు పనికి పోవచ్చు, ఏ పనికి పోరాదు అన్నది ఈ ఇళ్లలో తిండికి సంబంధించిన ప్రశ్న.

ఆచారమూ ఒక చిక్కే. ఆసుపత్రి నుంచి వచ్చినవానిని పరామర్శించడానికి చుట్టపక్కాలు రాకపోతే తప్పుగా ఎంచుతారు. జలుబుతో వచ్చిన మేనమామను గుమ్మంలోనే కూర్చోబెట్టి మాట్లాడి పంపడానికి ఇంటి ఇల్లాలికి ఎంత ధైర్యం కావాలి! స్టెరాయిడు మందు వల్ల రోగి ముఖం ఉబ్బుతుంది, ఆకలి పెరుగుతుంది, కోపం వస్తుంది, నిద్ర పట్టదు. సంగతి తెలియని ఇంటివారు మనిషి గుణమే మారిందని బాధపడతారు. ఒళ్లునొప్పులకు ఊరి వైద్యుడు ఇచ్చే నొప్పి మాత్ర మూత్రపిండానికి చేటు చేయగలదని వారికి చెప్పేవారుండరు. 100.4 డిగ్రీల జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగరాదనీ, విరేచనాలైతే మందు రక్తంలో పెరగవచ్చు గనుక వెంటనే ఆసుపత్రికి తెలపాలనీ, మరచిన మాత్రకు బదులు రెండు వేసుకోరాదనీ తెలిపే కాగితం చాలాసార్లు ఇంగ్లీషులోనే ఉంటుంది.

మన దేశంలో బ్రతికి ఉండగా అవయవమిచ్చేవారిలో స్త్రీలు ఎక్కువ, పుచ్చుకునేవారిలో పురుషులు ఎక్కువ. అంటే ఒక్కొక్కచోట సేవ చేసే తల్లి, మూత్రపిండమిచ్చిన తల్లి ఒకరే. ఆమె పొట్ట మీదా కుట్లున్నవి. ఆమెకూ ఏటేటా రక్తపోటు, మూత్రపరీక్ష కావాలి. మన కథలు ఆమెను త్యాగమూర్తి అని కీర్తించి అక్కడే వదిలివేస్తాయి. కీర్తన తరువాత ఆమె పరీక్షకు బస్సు ఎక్కిందో లేదో ఎవరూ అడగరు.

రచయితలు నాటకీయతను వదులుకోవాలని ఎవరూ కోరరు. కాని నాటకీయత రోడ్డు మీదనే ఉన్నదనుకోవడం పొరపాటు. రాత్రి ఎనిమిదింటికి సాంచా ఆపి వచ్చి అన్న చేతిలో మాత్ర పెట్టే తమ్ముడిలో ఉన్నది. బరువు, జ్వరం, రక్తపోటు రోజూ పిల్లవాని నోటుపుస్తకంలో వ్రాయించే చదువురాని తల్లిలో ఉన్నది. గుండెను చేర్చిన వాహనపు వేగాన్ని వర్ణించిన కలం, ఆ గుండెను పదేళ్లు నిలిపిన ఇంటి ఓపికను కూడా వర్ణించగలగాలి. అవయవ మార్పిడిపై రాబోయే ప్రతి తెలుగు రచనను పాఠకులు ఒక ప్రశ్నతో కొలవవచ్చును: ఇది చదివిన కుటుంబానికి రేపు ఉదయం ఏమి చేయాలో తెలిసినదా? తెలియకపోతే ఆ రచన తన పనిని సగంలో వదిలివేసినట్లే.