అద్దం వెడల్పు, మనిషి దూరం

ఫోన్‌తో సరిపెట్టుకోలేక మొదటిసారి కెమెరా కొనబోయేవాళ్ల ముందు చాలాకాలంగా రెండు దారులున్నాయి. ఒకటి లెన్స్ ఊడిరాని సూపర్‌జూమ్. గడప ముందరి ముగ్గు నుంచి చంద్రుడి మీది గుంటల దాకా అన్నీ ఆ ఒక్క డబ్బాతోనే తీయవచ్చు. రెండోది లెన్స్ మార్చుకునే వీలున్న ఎంట్రీ లెవెల్ డీఎస్ఎల్ఆర్. ధరలు దగ్గరదగ్గరగా ఉంటాయి కనుక బేరమంతా అట్టపెట్టె మీది రెండు అంకెల చుట్టూ తిరుగుతుంది: ఎన్ని మెగాపిక్సెళ్లు, ఎన్ని రెట్ల జూమ్. రెండూ నిజమైన అంకెలే గానీ వాటితో నిర్ణయం తేలదు. తేల్చే అంకె మూడోది ఒకటుంది, దాన్ని ఏ పెట్టె మీదా అచ్చువేయరు. చీకటి పడ్డాక రెండు మూడు మీటర్ల దూరంలో జరిగే జాతర, నడి వెలుగులో అందనంత దూరాన వాలే పక్షి రెండూ ఉన్న వేములవాడ, ఆదిలాబాద్ ప్రాంతంలో ఆ అంకె విలువ ఇట్టే తెలుస్తుంది.

లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ అంకెతో భాగిస్తే వెలుగు లోపలికొచ్చే దారి ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పో వస్తుంది. ఒకే దృశ్యాన్ని ఒకే ఫ్రేములో, ఒకే షట్టర్ వేగంతో రెండు కెమెరాలతో తీస్తే దేనికి ఎక్కువ వెలుగు చిక్కిందో చెప్పేది ఈ వెడల్పే. వాన నీళ్లు పట్టడానికి పెట్టిన గిన్నెలో ఎన్ని చినుకులు పడతాయన్నది దాని మూతిని బట్టి ఉంటుంది కదా, ఇదీ అంతే. అయితే లెక్కలో ఒక మెలిక ఉంది. సూపర్‌జూమ్‌ల మీద రాసే 24–2000 మి.మీ. లాంటివి పాత 35 మి.మీ. ఫిల్ముతో పోల్చి చెప్పే సమాన కొలతలు, అసలు కొలతలు చాలా చిన్నవి. 2015లో నికాన్ తెచ్చిన కూల్‌పిక్స్ పీ900 లెన్స్ అసలు కొలత 4.3 నుంచి 357 మి.మీ., ఎఫ్ అంకె 2.8 నుంచి 6.5. జూమ్ లాగకముందు దాని దారి వెడల్పు ఒకటిన్నర మి.మీ. మాత్రమే. డీఎస్ఎల్ఆర్‌తో పాటు వచ్చే 18–55 లెన్స్ 18 దగ్గర ఎఫ్/3.5 ఇస్తుంది, అంటే అయిదు మి.మీ. పైచిలుకు. వైశాల్యంలో పదకొండు రెట్ల తేడా. సెన్సర్ల మధ్య తేడా కూడా దాదాపు ఇంతే: పీ900 సెన్సర్ సుమారు 6.2 × 4.6 మి.మీ. అయితే కెనాన్ 1500డీ సెన్సర్ 22.3 × 14.9 మి.మీ. పెద్ద సెన్సర్ ఉన్న కెమెరాయే మేలని స్టూడియోవాళ్లు చెప్పే మాట ఇక్కడిదాకా నిలుస్తుంది.

ఈ లెక్కను ముందుగా ఊళ్లోకి తీసుకొద్దాం. మిగతా తెలంగాణ తొమ్మిదో రోజున చేసుకునే సద్దుల బతుకమ్మను వేములవాడ ఏడో రోజే చేసుకుంటుంది. బతుకమ్మలు మూలవాగు వైపు కదిలేసరికి పొద్దు గూకుతుంది. శివరాత్రి జాగారమైతే పేరులోనే రాత్రి ఉంది. గుడిలో కోడె మొక్కు కోసం ఇంకా తెల్లవారకముందే వరుసలో నిలబడే కుటుంబాలు, గుడి కోనేరు ధర్మగుండం మెట్ల మీద తడిబట్టలతో ఉన్నవాళ్లు, ఇవన్నీ చేయి చాస్తే అందేంత దగ్గరలో, దీపాల వెలుతురులో కదిలే దృశ్యాలు. అలాంటి వెలుతురులో ఐఎస్ఓ 1600 పెట్టుకుని ఎఫ్/5.6తో తీయాలంటే షట్టర్ సెకనులో పదిహేనో వంతుకు దిగిపోవచ్చు. ఆ వేగంలో చప్పట్లు కొట్టే చేతులు చెదిరి పొగలా మిగులుతాయి. లెన్స్‌లో వణుకును అదుపుచేసే ఏర్పాటు ఉందిగా అంటారు. అది ఫొటో తీసేవాడి చేతి వణుకును ఆపుతుంది, ఆడేవాళ్ల కదలికను ఆపలేదు. అదే చోట ఎఫ్/1.8 ఉన్న 50 మి.మీ. లెన్స్ తగిలిస్తే దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుగు పడుతుంది, షట్టర్ సెకనులో నూట యాభయ్యో వంతుకు చేరుతుంది, చేతులు చేతుల్లా కనిపిస్తాయి. సూపర్‌జూమ్‌కు ఇదే ఫ్రేములో ఎఫ్/4 దొరికిందనుకున్నా, సెన్సర్ పన్నెండో వంతే కనుక దాని ఐఎస్ఓ 1600 మీద వచ్చే గరుకు డీఎస్ఎల్ఆర్ మీద సుమారు 19,000 ఐఎస్ఓ గరుకుతో సమానం. ఆ గరుకును కెమెరా తనంతట తానే చెరిపేయాలని చూస్తుంది. దాంతో తంగేడు రేకు, బంతి రేకు ఒకే పసుపు ముద్ద అవుతాయి, గునుగు పువ్వు మీది నూగు పోతుంది. తర్వాత కూర్చుని దిద్దుకుందామన్నా పీ900 రా ఫైలు ఇవ్వదు. ఆ సదుపాయం 2020లో వచ్చిన పీ950లో ఉంది. రాత్రంతా సాగే జాతరకు బ్యాటరీ మాట కూడా చూడాలి. ప్రామాణిక పరీక్షలో పీ900 ఒక్క ఛార్జితో 360 ఫొటోలు తీస్తే, అద్దంలోంచి నేరుగా చూసే నికాన్ డీ3500 1,550 దాకా తీస్తుంది.

అయితే ఈ గెలుపు డీఎస్ఎల్ఆర్‌ది అనుకుంటే పొరపాటు. గెలిచింది ఎఫ్/1.8 లెన్స్. పెట్టెతో వచ్చిన 18–55 ఒక్కదానితోనే ఏళ్లు గడిపేసేవాళ్లు చాలామంది ఉంటారు. ఆ లెన్స్ 55 దగ్గర ఎఫ్/5.6కు మూసుకుపోతుంది కనుక పైన చెప్పిన పదిహేనో వంతు షట్టర్ గొడవ వాళ్లదే. రెండో లెన్స్ కొనే ఉద్దేశం లేనివాళ్లకు ఈ కెమెరా మీద పెట్టే డబ్బులో సగం వృథా అని నా అభిప్రాయం. దుకాణంలో ఈ మాట ఎవరూ చెప్పరు.

ఇప్పుడు లెక్కను ఊరి బయటికి, వెలుగులోకి తీసుకుపోదాం. మాన్వాడ దగ్గర మానేరు మీద కట్టిన మిడ్ మానేరు, అదే రాజరాజేశ్వర జలాశయం, నీళ్ల అవతలి ఒడ్డున వాలే పక్షిని ఫొటోగ్రాఫర్‌కు వందల మీటర్ల దూరంలో పెడుతుంది. ఇంకా ఉత్తరాన ఆసిఫాబాద్ జిల్లా పెంచికల్‌పేట అడవుల్లో, పెద్దవాగు పక్కన ఉన్న పాలరాపు గుట్ట కొండచరియల మీద పొడుగుముక్కు రాబందులు గూళ్లు కట్టుకున్న సంగతి 2013లో వెలుగులోకి వచ్చింది. పశువుల మందుగా వాడిన డైక్లోఫెనాక్ వల్ల దేశమంతటా రాబందులు కుప్పకూలిపోయాక (పశువులకు దాని వాడకాన్ని 2006లో నిషేధించారు) మిగిలిన కొద్దిపాటి స్థావరాల్లో ఇదొకటి. ఇక్కడ పీ900 జూమ్‌ను చివరికంటా లాగితే 357ను 6.5తో భాగించాలి, దారి వెడల్పు 55 మి.మీ. డీఎస్ఎల్ఆర్ కొన్నవాళ్లు దూరం కోసం సాధారణంగా తీసుకునే 55–250 లెన్స్ 250 దగ్గర ఎఫ్/5.6, వెడల్పు 45 మి.మీ. దగ్గరి దృశ్యంలో పదకొండు రెట్లు వెనకబడిన చిన్న కెమెరా ఇక్కడ ఒకటిన్నర రెట్లు ముందుంది. సెన్సర్ మారలేదు, లెక్క మాత్రం తిరగబడింది. ఆ 250 లెన్స్‌తో తీసిన ఫొటోలోంచి 2000 మి.మీ. ఫ్రేముకు సరిపడా ముక్క కత్తిరిస్తే 24 మెగాపిక్సెళ్లలో మిగిలేది ఒక్క మెగాపిక్సెల్.

దీనికి సాంకేతికం తెలిసినవాళ్లు చెప్పే అభ్యంతరం బలమైనదే. ఇంత చిన్న సెన్సర్ మీద ఎఫ్/6.5 దగ్గర కాంతి వంగి చెదిరిపోతుంది, ఒక్కో చుక్క ఆరు పిక్సెళ్ల మేర పరుచుకుంటుంది, కాబట్టి ఆ 16 మెగాపిక్సెళ్లు పేరుకే అంటారు. నిజమే. అయినా ఎంత మిగిలిందో లెక్కకట్టి చూడాలి. నూరు మీటర్ల దూరంలో 55 మి.మీ. వెడల్పు దారి విడదీయగల వివరం సుమారు 1.2 మి.మీ. అదే దూరంలో 250 లెన్స్ తగిలించిన 1500డీ ఒక్కో పిక్సెల్ దాదాపు ఒకటిన్నర మి.మీ. మేర కప్పేస్తుంది. రెండు గీతల్ని విడిగా చూపాలంటే కనీసం రెండు పిక్సెళ్లు కావాలి గనుక 3 మి.మీ. కన్నా సన్నని ఈక గీత అందులో కలిసిపోతుంది. చెదిరిపోయాక కూడా సూపర్‌జూమే ముందు. డీఎస్ఎల్ఆర్‌తో దీన్ని దాటాలంటే సిగ్మా 150–600 లాంటి లెన్స్ ఉండాలి. దాని వెడల్పు 600 దగ్గర 95 మి.మీ., బరువు రెండు కిలోలకు కాస్త తక్కువ, ధర కెమెరాను మించిపోతుంది. డబ్బు సమానమనుకుని మొదలుపెట్టిన పోలిక అక్కడితో ముగిసినట్టే. ఎగిరే పక్షి మాత్రం వేరే సంగతి. తెర మీద బొమ్మ కాస్త ఆలస్యంగా కనిపించే సూపర్‌జూమ్ దాన్ని వెంటాడలేదు, వాలిన పక్షితోనే తృప్తిపడాలి. ఇక ఎండాకాలంలో కరీంనగర్ వైపు పదిగంటలు దాటాక నేల మీది గాలి ఆవిరిలా కదులుతుంటే ఏ లెన్స్ పెట్టినా పక్షి అంచులు కరుగుతాయి. ఆ నెలల్లో పెద్ద జూమ్ పనిచేసేది పొద్దుటి పూటే.

రెండు కెమెరాలకూ ఎదురయ్యే ఇంకో ప్రశ్న ఫోన్ ఉండగా ఇవెందుకని. ఇదే లెక్క ఫోన్‌కు వేయండి. మంచి ఫోన్ ప్రధాన లెన్స్ వెడల్పు నాలుగు మి.మీ. అటూఇటూగా ఉంటుంది, అంటే జూమ్ లాగని సూపర్‌జూమ్ కన్నా పెద్దది, 18–55కు ఇంచుమించు పక్కన నిలబడేది. పైగా ఫోన్ చాలా ఫ్రేములు కలిపి గరుకును తగ్గిస్తుంది. కాబట్టి పెళ్లిళ్లకూ పుట్టినరోజులకూ సూపర్‌జూమ్ కొనడం దండగ. ఒక చివర ఫోన్, మరో చివర పెద్ద లెన్స్, మధ్యలో దానికి మిగిలిన పని ఒక్క దూరమే. ఆ పనిలో మాత్రం ఫోన్ దాని దరిదాపులకు రాదు.

ఏ కెమెరాతోనైనా తేడా రాని చోట్లూ ఉన్నాయి. గంగాధర మండలం కురిక్యాల బొమ్మలగుట్ట మీద పంపకవి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో వేయించిన శాసనం, దాంట్లోని తెలుగు కంద పద్యాలు, జైన శిల్పాలు కదలవు. వెలుగు బోలెడుంటుంది. ఇలాంటి రాతి చెక్కడానికి కావాల్సింది పక్క నుంచి వాలుగా పడే ఎండ. అది ఉన్నప్పుడు అక్షరపు గాడిలో నీడ నిలుస్తుంది, మిట్టమధ్యాహ్నం నేరుగా పడే ఎండలో లక్ష రూపాయల కెమెరా కూడా ఉత్త బండనే చూపిస్తుంది.

దూరం గురించి మాట్లాడేటప్పుడు మర్యాద సంగతీ వస్తుంది. సూపర్‌జూమ్‌తో ధర్మగుండం అవతలి గట్టున స్నానం చేసేవాళ్లను వాళ్లకు తెలియకుండా తీయవచ్చు, తీసేవాళ్లూ ఉన్నారు. జాతరలో సహజమైన ముఖాలు అలాగే దొరుకుతాయని వాళ్ల వాదన. మనం గౌరవించే పాత ఫొటోలు దీన్ని బలపరచవు. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940లలో మార్లవాయి కేంద్రంగా గోండుల జీవితాన్ని ఫొటోలు తీసినప్పుడు స్టిల్ కెమెరాకు జూమ్ లెన్స్ అందుబాటులోనే లేదు. 35 మి.మీ. కెమెరాలకు మొదటి జూమ్ లెన్స్ అయిన వోయిట్లాండర్ జూమార్ వచ్చిందే 1959లో. ఆయన గోండుల మధ్య కాపురముండి, వాళ్ల భాష నేర్చుకుని, దగ్గర నిలబడి తీశాడు. ఆ ఫొటోల్లోని మనుషులు తమను చూస్తున్నవాణ్ణి ఎరుగుదురు. అదే మార్లవాయికి చెందిన గోండుల గుస్సాడీ నృత్య గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. గుస్సాడీ నెమలి ఈకల టోపీ అంత పెద్దది, ఆ ఆట అంత చుట్టూ తిరిగేది, దండారి పండుగ రోజుల్లో దాన్ని వంద మీటర్ల నుంచి తీస్తే జనం వీపులే వస్తాయి. 50 మి.మీ. లెన్స్ మనిషిని అడిగి, రెండు మూడు మీటర్లకు రమ్మంటుంది. రాబందు విషయంలో మర్యాద ఇందుకు పూర్తిగా తిరగబడుతుంది. గూటి దగ్గరికి పోతే తల్లి లేచిపోతుంది, గుడ్డు ఎండకు వదిలేసినట్టవుతుంది. అక్కడ 2000 మి.మీ. వల్ల మనిషి దూరంగా ఉండగలుగుతాడు.

కాబట్టి ఊళ్లోనే ఉండి జాతరలు, బతుకమ్మ, మనుషుల ముఖాలు తీయాలనుకునేవాళ్లకు డీఎస్ఎల్ఆర్, దానితో పాటే 50 లేదా 35 మి.మీ. ఎఫ్/1.8. కావాలంటే 18–55 లేకుండా బాడీ ఒక్కటే కొనండి. మిడ్ మానేరు ఒడ్డుకూ కవ్వాల్ అడవికీ పోయేవాళ్లకు సూపర్‌జూమ్. డీఎస్ఎల్ఆర్ కాలం చెల్లిందిగా అంటే, అవును, డీ3500 తయారీ ఆగిపోయింది, చాలా కంపెనీలు మిర్రర్‌లెస్ వైపు మళ్లాయి. మిర్రర్‌లెస్‌లోనూ ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ అంకెతోనే భాగించాలి కనుక ఈ లెక్క మారదు. పాతబడిందన్న పేరుతో డీఎస్ఎల్ఆర్‌లు ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో చవకగా దొరకడం కొనేవాళ్లకు లాభమే. అలా కొనేటప్పుడు షట్టర్ ఎన్నిసార్లు పడిందో అడగండి. లెన్స్‌ను వెలుగుకు ఎత్తి వానాకాలపు చెమ్మకు పట్టిన సాలెగూడు లాంటి ఫంగస్ ఉందేమో చూడండి. సూపర్‌జూమ్ అయితే లెన్స్ పూర్తిగా బయటికి రప్పించి కొస పట్టుకుని మెల్లగా కదపండి, ఊగితే వదిలేయండి. ఊగని దాన్ని ఆకాశం వైపు తిప్పి ఒక ఫొటో తీయించి, తెర మీద పెద్దది చేసి నల్ల మచ్చలు వెతకండి. ఆ గొట్టం లోపలికి ఒకసారి పోయిన జాతర దుమ్మును ఇంట్లో తుడుచుకునే వీలుండదు, మొత్తం విప్పాల్సిందే.