సగటు చాటున పక్షపాతము: "కోడెడ్ బయాస్" చిత్రవిమర్శ

యంత్రమునకు రాగద్వేషములు లేవు గనుక దాని తీర్పు నిష్పక్షపాతమని లోకమున నొక నమ్మకము గలదు. ఆ నమ్మకమును పరీక్షకు నిలిపిన కృతులలో శాలినీ కాంతయ్య దర్శకత్వమున 2020లో వెలువడిన "కోడెడ్ బయాస్" అను డాక్యుమెంటరీ చిత్రము గణనీయమైనది. అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకురాలు జాయ్ బులామ్వీని నల్లని ముఖమును యంత్రము గుర్తింపలేదు. ఆమె తెల్లని ముసుగు ధరింపగనే గుర్తించినది. కథకు బీజమిదియే.

ఆమె ఆశ్చర్యముతో ఆగక లెక్కకు పూనుకొనిరి. ఆమెయు, టిమ్నిట్ గెబ్రూయు 2018లో ప్రకటించిన "జెండర్ షేడ్స్" అను పరిశోధన వ్యాసమునకై, ఆరు దేశముల శాసనసభ్యుల ఛాయాచిత్రములు 1,270 మూడు సంస్థల యంత్రములకు చూపి, ముఖము స్త్రీదో పురుషునిదో చెప్పించిరి. ఐ.బి.ఎం. యంత్రము మొత్తముమీద నూటికి 87.9 వంతులు సరిగా చెప్పినది. వర్గములుగా విడదీసి చూడగా, తెల్లని మేనిచాయ గల పురుషుల విషయమున దోషము నూటికి 0.3, నల్లని మేనిచాయ గల స్త్రీల విషయమున 34.7! కృత్రిమ మేధ తనకు చూపిన ఉదాహరణముల నుండియే నేర్చును. ఎవరి ఉదాహరణములు కొఱవడునో వారియెడ అది తడబడును. సగటు ఆ తడబాటును కప్పివేయును.

ఈ లెక్క బహిరంగమైన పిదప సంస్థలు తమ యంత్రములను సవరించుకొనెను. 2019లో వెలువడిన పునఃపరీక్షలో, నల్లని స్త్రీల విషయమున ఐ.బి.ఎం. దోషము 16.97కు తగ్గినది. ప్రజలకు తెలియజెప్పుట వృథా కాదనుటకు ఇదియే ప్రమాణము.

చిత్రమున లోపము లేకపోలేదు. ముఖమును తప్పుగా గుర్తించుటను, పౌరులపై నిఘా యుంచుటను ఒకే ప్రవాహమున నడుపుటచే రెంటి భేదము ప్రేక్షకునకు మసకబారును. మొదటిది కొలతలోని దోషము, దానిని దిద్దవచ్చును. రెండవది అధికార దుర్వినియోగము. యంత్రము ఎంత నిర్దుష్టమైన అంత ప్రమాదకరము. రెంటికి మందు ఒక్కటి గాదు.

చిత్రము దృష్టి ప్రధానముగా ముఖములపై నున్నది. కాని పక్షపాతము చెవికిని గలదు. మాటను లిపిగా మార్చు ఐదు సంస్థల యంత్రములను అమెరికాలో పరీక్షించి 2020లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, సగటున తెల్లవారి ఇంగ్లీషున నూటికి 19 మాటలు, నల్లవారి ఇంగ్లీషున 35 మాటలు తప్పినవి. భాష యొక్కటే, పలుకుబడి వేరు.

ఈ విషయము ప్రవాసాంధ్రుల హృదయమునకు సూటిగా తగులవలసినది. హోసూరు తెలుగు, బరంపురము తెలుగు, షోలాపురము తెలుగు ఒక్క తీరున నుండవు. "ఈ యంత్రమునకు తెలుగు వచ్చును" అను ప్రకటన విన్నప్పుడు, "ఎవరి తెలుగు?" అని యడుగుట వివేకము. పాఠశాలలో బాలుని పఠనమునకు యంత్రము మార్కులు వేయు నాడు, అది ఎఱుగని పలుకుబడి బాలుని తప్పుగా లెక్కకెక్కును. బాలుడు తన యింటి మాటకు సిగ్గుపడును. కావున మన సమాజములు ఆయా ఊళ్ళ పిల్లల చేతను, వృద్ధుల చేతను ఒకే పాఠమును చదివించి, యంత్రము వ్రాసిన దానిని సరిచూచి, తప్పులను ఊరి వారీగా లెక్కించి ప్రకటింపవలెను. అల్పసంఖ్యాకులకు సగటు ఏనాడును సాక్షి కాజాలదు; విడి లెక్కయే సాక్షి. "కోడెడ్ బయాస్" నుండి గ్రహింపవలసిన పాఠమిది.