కొలిమి దగ్గర విశిష్టోష్ణం

రాతి ఉలికి పదును పెడుతున్నప్పుడు చూడాలి కమ్మరి పనితనం! ఉలి కొసను కొలిమిలో నిండు ఎరుపు తిరిగేదాకా, అంటే సుమారు 800 డిగ్రీల సెల్సియస్ దాకా కాలుస్తాడు. పట్టకారుతో పట్టుకుని కొసను మాత్రమే తొట్టి నీళ్లలో ముంచుతాడు. చుయ్యిమంటూ ఆవిరి లేస్తుంది, ఉక్కు గట్టిపడుతుంది.

ఈ పనికి నీళ్లు ఎందుకంత నమ్మకమైనవి? ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించాలంటే 4.2 జౌళ్ల శక్తి కావాలి; దీన్నే విశిష్టోష్ణం అంటారు. ఇనుముకు దాదాపు 0.45 చాలు. అందుకే ఎర్రగా కాలిన అరకిలో ఇనుమును 20 లీటర్ల నీళ్లలో పూర్తిగా ముంచినా, నీళ్లు నాలుగు డిగ్రీలు కూడా వేడెక్కవు.

అసలు నేర్పు ఆ తర్వాతే ఉంది. అంత గట్టిపడిన ఉక్కు దెబ్బకి పెళుసుగా విరుగుతుంది. అందుకే ఉలిని పైకి తీసి, కొసను రాతి మీద రుద్ది మెరిపిస్తాడు. వెనుక భాగంలో మిగిలిన వేడి మెల్లగా కొసకు పాకుతుంది. సుమారు 230 డిగ్రీల దగ్గర లేత గడ్డి రంగు, ఆపై ఊదా, 300 దగ్గర నీలం. తనకు కావలసిన రంగు కొసను చేరిన క్షణంలోనే మళ్లీ ముంచుతాడు.

థర్మామీటరు లేదు, గడియారం లేదు. ఉక్కు దాచుకున్న శక్తిని కంటితో కొలిచి, దానితోనే పని చేయించుకునే విద్య ఇది. విశిష్టోష్ణం పాఠం చెప్పే ముందు మన పిల్లల్ని ఒక్కసారి కొలిమి దగ్గరికి తీసుకెళ్లాలి.