మధ్యాహ్నం పన్నెండింటికి ఊళ్లో ఎవరున్నారు?

అమెరికా శివారు ఊళ్లలో ఫైర్ ఇంజన్ వెళ్తుంటే, అందులో ఉన్నవాళ్లంతా నెలజీతానికి ఆ ఒక్క పనే చేసే ఉద్యోగులని అనుకుంటాం. చాలా ఊళ్లలో అది నిజం కాదు. మా ఇంజన్ నడిపే ఆయన వడ్రంగి. వెనక సీట్లో ఉన్నామె బడిలో లెక్కలు చెబుతుంది. ఆ పక్కన కూర్చున్న నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మమ్మల్ని ‘పెయిడ్ ఆన్ కాల్’ ఫైర్‌ఫైటర్లు అంటారు. పేజర్ మోగితే చేతిలో పని వదిలి వెళ్తాం. వెళ్లిన గంటలకూ శిక్షణ గంటలకూ డబ్బులిస్తారు. దానితో ఇల్లు గడవదు. ఆ సంగతి తెలిసే అందరం చేరాం.

మేముండే మినియాపొలిస్ చుట్టుపక్కల ఎన్నో ఊళ్లు ఈ పద్ధతి మీద నడిచాయి, ఇప్పటికీ కొన్ని నడుస్తున్నాయి. దేశం మొత్తం మీద ఫైర్‌ఫైటర్లలో దాదాపు మూడింట రెండొంతుల మంది ఇలా స్వచ్ఛందంగానో, పిలుపుకింత అని తీసుకునో పనిచేసేవాళ్లే. ఇది కొత్త పద్ధతి కాదు. 1736లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇరుగుపొరుగును కూడగట్టి యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టాడు. అందరికీ జీతాలిచ్చే అగ్నిమాపక దళం సిన్సినాటిలో 1853లో గానీ రాలేదు. పెద్ద నగరాలు ఆ దారి పట్టాయి. రాత్రింబవళ్లూ స్టేషన్ నిండా మనుషుల్ని ఉంచి జీతాలివ్వడం చిన్న ఊరి పన్నులకు మోయలేని బరువు.

చేరడానికి ముందు నా వీసా తేలాలి. హెచ్1బీ మనిషిని ఒక యజమానికి కట్టేస్తుంది కాబట్టి, జీతమొచ్చే ఈ పని గ్రీన్‌కార్డు తర్వాతే నాకు వీలైంది. ఆపైన మెట్లెక్కడం, హోస్ లాగడం, మనిషంత బరువున్న బొమ్మను ఈడ్చడం ఉన్న దేహదారుఢ్య పరీక్ష. తర్వాత నెలల తరబడి సాయంత్రాలు, శనివారాలు శిక్షణ. మంటలార్పడం, ప్రమాదకర రసాయనాలు, ప్రథమ చికిత్స అన్నీ అందులోనే.

ఆ శిక్షణలో నా మనసుకు బాగా పట్టింది పొగ గదిలో వెతకడం. ముఖానికి మాస్క్, వీపున గాలి సిలిండర్. కళ్లు తెరిచినా మూసినా ఒకటే చీకటి. మోకాళ్ల మీద పాకుతూ ఎడమ చెయ్యి గోడ వదలకూడదు. కుడి చెయ్యి చాచి మంచం కింద, సోఫా వెనక, తలుపు చాటున తడమాలి. భయపడ్డ పిల్లలు దాక్కునేది అక్కడే. నా బూటు పట్టుకుని వెనక ఇంకొకరు వస్తుంటారు. ప్రతి మలుపు దగ్గరా గొంతెత్తి చెప్పుకుంటాం: “మూల!” “కిటికీ!” ఊపిరి ఎగబీలిస్తే గాలి త్వరగా అయిపోతుంది కాబట్టి నిదానంగా పీల్చాలి. 30 సెకన్లు కదలకుండా ఉంటే ఒంటి మీదున్న అలారం కేకలు పెడుతుంది. వేగం వేరు, కంగారు వేరని అక్కడ ఒంటికి తెలిసింది.

వేగం ఎందుకంటే, ఇప్పటి ఇళ్లు తొందరగా అంటుకుంటాయి. భద్రతా పరీక్షలు చేసే యూఎల్ సంస్థ రెండు గదులు కాల్చి పోల్చి చూసింది. పాతకాలపు సామానున్న గది మొత్తం ఒక్కసారిగా భగ్గుమనడానికి అరగంట దాకా పట్టింది. ఫోమ్ సోఫాలు, సింథటిక్ తెరలు ఉన్న గదికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. అందుకే రాత్రి పడకగది తలుపులు మూసుకుని పడుకోండని మేం ఇంటింటికీ చెబుతాం. మూసిన తలుపు పొగనూ వేడినీ నిలబెట్టి, లోపలివాళ్లకు విలువైన నిమిషాలు సంపాదించి పెడుతుంది.

ఇంకో లెక్క ఉంది. మంటల్లోకి ఇద్దరు వెళ్తే, వాళ్లకేమైనా అయితే కాపాడటానికి బయట ఇద్దరు సిద్ధంగా ఉండాలన్నది ఇక్కడి కార్మిక భద్రతా నిబంధన. లోపల మనిషి ఉన్నాడని తెలిస్తే సడలింపు ఉంది గానీ, మామూలుగా నలుగురు చేరాలి. రాత్రి పన్నెండింటికి నలుగురు దొరుకుతారు. మధ్యాహ్నం పన్నెండింటికి ఊరు సగం ఖాళీ. వడ్రంగి ఇంకో ఊళ్లో పైకప్పు మీద ఉంటాడు, పంతులమ్మ తరగతిలో ఉంటుంది. మా ఊరి లాంటి అగ్నిమాపక శాఖలన్నిటికీ తలనొప్పి ఈ పగటిపూటే.

ఒక చలికాలం మధ్యాహ్నం పేజర్ మోగింది. వెళ్లేసరికి ఒక పెద్దావిడ శాలువా కప్పుకుని మంచులో నిలబడి ఉంది. మా కెప్టెన్ అడిగేది ఆమెకు అర్థం కావడం లేదు. నేను హెల్మెట్ తీసి, “అమ్మా, లోపల ఇంకెవరైనా ఉన్నారా?” అన్నాను.

“మనవరాలు పైన నిద్రపోతోంది నాయనా! ఎవర్నైనా పిలుద్దామని బయటికొస్తే తలుపుకు తాళం పడిపోయింది!”

ఆ మాట తెలుగులో నాకు చేరడానికీ, ఇంగ్లీషులో కెప్టెన్‌కు చేరడానికీ మధ్య రెండు మూడు క్షణాలు పట్టి ఉంటుంది. తలుపు తెరిచి ఇద్దరు పైకి వెళ్లారు, ఒకరు పొయ్యి వైపు వెళ్లారు. మూకుడులో నూనె అంటుకుంది. స్టవ్ కట్టేసి మూత పెట్టగానే మంట చచ్చింది. దుప్పట్లో చుట్టి తెచ్చిన పాపను ఒళ్లోకి తీసుకున్నాక ఆవిడ నా ముఖంలోకి చూసి, “ఏ ఊరు నాయనా మీది?” అంది. “తెనాలి దగ్గరమ్మా” అన్నాను.

ఆ ఇంటికి రెండు వీధుల అవతల ఎంతమంది తెలుగువాళ్లు ఆ వేళకు ల్యాప్‌టాప్‌ల ముందు కూర్చుని ఉంటారో ఆలోచించాను. ఇంటి నుంచి పనిచేసేవాళ్లం పగలంతా ఊళ్లోనే ఉంటాం. స్టేషన్‌కు కొద్ది నిమిషాల దూరంలో, పనిరోజున, మెలకువగా ఉన్న మనుషులే ఈ శాఖలకు కావాలి. నేను మా మేనేజర్‌తో ముందే మాట్లాడుకున్నాను. మీటింగ్ మధ్యలో లేచి వెళ్లాల్సి వస్తే ఆ పని రాత్రి పూర్తి చేస్తాను. ఎప్పుడు పిలుస్తారో తెలియకపోవడం కష్టమనుకునేవాళ్లకు, స్టేషన్‌లో గంటల లెక్కన వంతు వేసుకునే ఏర్పాటు కూడా చాలాచోట్ల వచ్చింది.

ఇంకో మాట, అందరికీ. పోపుకు మోగుతోందని స్మోక్ డిటెక్టర్ బ్యాటరీ తీసేయకండి. నూనె అంటుకుంటే నీళ్లు పొయ్యకండి. పొయ్యి పక్కన సరిపడే మూత ఉంచండి. పెద్దవాళ్లు ఇండియా నుంచి వస్తే 911కు ఫోన్ చేసి చిరునామా చెప్పడం మొదటిరోజే నేర్పండి, తెలుగు దుబాసీని అడగొచ్చని కూడా చెప్పండి.

గ్రీన్‌కార్డో పౌరసత్వమో ఉండి, ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లు మీ ఊరి శాఖ ఎప్పుడు మనుషుల్ని తీసుకుంటుందో కనుక్కోండి. ఇళ్లు కొన్నాం, పిల్లల్ని ఇక్కడి బళ్లలో వేశాం, పన్నులు కడుతున్నాం. పగటిపూట ఆ నలుగురిలో ఒకరిగా నిలబడటం కూడా ఈ ఊరికి మనం ఇవ్వాల్సిందే, ఇవ్వగలిగిందే.